భద్రాచల ప్రాంతపు ఉష్ణగుండములు

గోదావరీనది పాపికొండల ఇరుకులోనికి చొరబడుటకు చాల ముందు, భద్రాచల పుణ్యక్షేత్రమునకు సుమారు ఐదు కిలోమీటర్ల దూరమున, నదీతీరముననున్న గుండాల గ్రామము చెంత, ప్రవాహము తగ్గి ఇసుకతిన్నెలు బయటపడిన కాలమున చిన్న చెలమ తోడినచో అందు వేడినీరు ఊరుచుండును. ఈ ఊటలనే ఆ సీమవారు ఉష్ణగుండములనియు, వేడినీళ్ల గుండములనియు పిలుతురు. ఉష్ణజలమనగానే మనస్సున మెదలు పొగలు చిమ్ము కొండశిఖరములు గాని, కాలి గడ్డకట్టిన శిలాద్రవపు మైదానములు గాని ఇచ్చట కానరావు. కనబడునది విశాలమైన నది, ఇసుక, గట్ల వెంబడి అడవి, దూరమున తూర్పు కనుమల నీలిరేఖ మాత్రమే. అగ్నిపర్వతపు జాడయే లేని నేలనుండి కాగిన నీరు పైకి వచ్చుటయే ఈ గుండముల విశేషము. వీనిని గూర్చి తెలిసికొనదగిన విషయమంతయు ఆ విశేషమును ఆశ్రయించియున్నది.

ఇదే పేరుగల మఱియొక గుండాల, మండలకేంద్రమై, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అడవుల నడుమ వేఱొక దిక్కున కలదు గనుక, దూరమునుండి వచ్చువారు భద్రాచలము గుండాల యని స్పష్టముగా అడిగి బయలుదేరుట మేలు. ఈ చిన్న గ్రామము ఏలుబడుల మార్పులను పెక్కింటిని చూచినది. పూర్వము మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లాకు చెందిన భద్రాచల సీమ 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేర్పబడినది. ఆంధ్రప్రదేశావతరణము తరువాత 1959లో, 1953లో ఏర్పడియున్న ఖమ్మము జిల్లాలో కలుపబడినది. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు భద్రాచలము పట్టణము తెలంగాణమునందే నిలువగా, పోలవరపు ప్రాజెక్టు ముంపు కారణముగా దాని చుట్టునున్న గ్రామములతోపాటు గుండాల ఆంధ్రప్రదేశములోనికి పోయి, ఏటపాక మండలమునకు చెంది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. కావున నేడు ఉదయమున తెలంగాణములో రామదర్శనము చేసికొన్న యాత్రికుడు గడియసేపటిలో ఆంధ్రప్రదేశమున చెలమ నీటిలో కాళ్లు తడుపుకొనుచున్నాడు. నదికి, అడవికి, వేడినీటికి మాత్రము ఈ సరిహద్దులతో పని లేదు.

గుండముల జీవితమంతయు నది ఏటి నడకతో ముడిపడియున్నది. ఆషాఢ శ్రావణములలో ప్రాణహిత, ఇంద్రావతి మొదలగు ఉపనదులు తెచ్చు వరదనీటితో గోదావరి గట్లు మోయరానంతగా ఉప్పొంగును. భద్రాచలము వద్ద నీటిమట్టము 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాదహెచ్చరికయు, 48కి రెండవదియు, 53కి మూడవదియు చేయుట ఆచారము. 1986 ఆగష్టులో అది 75.6 అడుగులవఱకును, 2022 జూలైలో 71 అడుగులకు మించియు ఎక్కినది. ఆ దినములలో ఊటలు ఎన్నో అడుగుల ఎఱ్ఱనీటి క్రింద మఱుగుపడియుండును. కార్తికము గడచి నీరు తెరలు తెరలుగా వెనుకకు తీసిన పిమ్మట ఇసుక బయటపడును. అప్పటినుండి ఎండలు ముదిరి తొలకరి దిగువఱకు, అనగా మార్గశిరమునుండి వైశాఖము చివరిదాక, చెలమలు తోడుకొనుటకు అనువైన కాలము. వరద ఏటేట ఇసుకను త్రవ్వి, తెచ్చి, మేట వేసి, తిన్నెల రూపమునే మార్చుచుండుటచే, క్రిందటి యేడు త్రవ్విన తావుననే మరల వెదకినవారికి వేడినీరు దొరకకపోవచ్చును. ఏ యేటి తావు ఆ యేడు ఎఱిగినవారు తీరవాసులే. గురుడు సింహరాశిలో ప్రవేశించునప్పుడు పండ్రెండేండ్లకొకసారి వచ్చు గోదావరి పుష్కరము తఱచు వానకాలముననే పడుచుండుటచే, 2015 జూలైలోవలె, లక్షలకొలది జనము నదీస్నానమునకు వచ్చు సమయమున ఈ గుండములు కనబడకుండుట యాత్రికుల దురదృష్టము. చలికాలపు ముక్కోటి ఏకాదశికి, చైత్రమున జరుగు శ్రీరామనవమికి వచ్చువారు ఈ విషయమున అదృష్టవంతులు.

హేమంతమున త్రిమూర్తులు మువ్వురును ఈ గుండములలో స్నానము చేసిరని స్థలపురాణము చెప్పుచున్నది. చలికాలముననే ఊటలు బయటపడుటయు, చలికాలముననే దేవతలు దిగివచ్చిరనుటయు ఒకదానికొకటి సరిపడియున్నవి. ఈ కథను అల్లినవారు నది రీతిని చక్కగా గమనించినవారని నిస్సంశయముగా చెప్పవచ్చును. చుట్టునున్న సీమయంతయు రామాయణకథతో నిండియున్నది. ఏటపాక వద్ద జటాయువు రావణుని ఎదిరించెననియు, భద్రాచలమునకు ముప్పదియైదు కిలోమీటర్ల దూరముననున్న పర్ణశాలలో సీతారాములు కాపురముండిరనియు, అచ్చటి సీతవాగులో ఎఱ్ఱగాను పసుపుగాను కనబడు రాళ్లు సీతమ్మ వాడిన పసుపుకుంకుమల గుర్తులనియు, బండలపై చారలు ఆమె ఆరవేసిన నారచీరల ముద్రలనియు జనులు నమ్ముదురు. పదునేడవ శతాబ్దమున గోలకొండ సుల్తాను అబుల్ హసన్ కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగానుండి, ఆలయమును కట్టించి, అందుకై చెరసాలపాలైన కంచెర్ల గోపన్న, అనగా రామదాసు, వలన ఈ తీరము తెలుగువారికందఱకును ప్రియమైనది. అయినను, ఆలయమునకు వచ్చు వేలాది జనులలో పలువురు కొన్ని మైళ్ల దూరముననున్న ఈ వింతను గూర్చి వినక తిరిగిపోవుచుండుట విచారకరము.

నేల క్రింద ఏదో అగ్నిపర్వతము నిద్రించుచున్నదను మాట ఈ ప్రాంతమున అప్పుడప్పుడు వినవచ్చును. అది సరికాదు. తెలుగుదేశమున అగ్నిపర్వత శిలలు లేకపోలేదు. ఆదిలాబాదు సీమలో దక్కను నల్లరాతి పలకలు విస్తారముగా నున్నవి. రాజమహేంద్రవరము చెంత కాతేరులోను, గోదావరికి ఆవలిగట్టున పంగిడి, గౌరీపట్నపు క్వారీలలోను నల్లరాయి పొరలు బయల్పడియున్నవి. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట పడమటి కనుమల ప్రాంతమున నేల చీలి వెలువడిన శిలాద్రవము దాదాపు వేయి కిలోమీటర్లు ప్రాకి తూర్పుతీరమును చేరి గడ్డకట్టినదని భూశాస్త్రజ్ఞులు వీనిని పరీక్షించి చెప్పుచున్నారు. భూమిపై ఇంత దూరము ప్రవహించిన లావాలు అరుదు. రాజమహేంద్రవరము వారు ఇండ్ల పునాదులలో, రోడ్లలో వాడుకొను కంకర ఈ మహాప్రవాహపు శేషమని తెలిసినచో, ఆ రాతిని మఱింత గౌరవముతో చూడగలరు. కాని ఆ అగ్ని చల్లారి కోట్లకొలది యేండ్లు గడచినవి. దానికిని గుండాల వేడికిని సంబంధము లేదు.

గుండాల వేడికి మూలము భూమి లోతులోని సహజోష్ణమే. భూగర్భమున సామాన్యముగా ఒక కిలోమీటరు దిగినకొలది వేడి ఇరువదియైదు ముప్పది సెంటిగ్రేడు డిగ్రీలు హెచ్చుచుండును. శిలలలోని యురేనియము, థోరియము, పొటాషియముల నెమ్మదియైన క్షయము వలన కొంత, భూమి పుట్టుకనాటి తాపపు శేషము వలన కొంత ఈ వేడి పుట్టుచున్నది. అయితే లోతున వేడి యుండుట ఒకటి, ఆ వేడి నీటి రూపమున పైకి వచ్చుట వేఱొకటి. దానికి దారి కావలెను. ఆ దారిని ప్రాణహిత గోదావరి లోయ సమకూర్చినది. వాయవ్యమునుండి ఆగ్నేయమునకు కొన్ని వందల కిలోమీటర్ల పొడవున సాగు ఈ లోయ నది కోసికొన్న పల్లము మాత్రము కాదు. అతిప్రాచీనకాలమున ధార్వారు శిలాఖండమునకు, బస్తరు శిలాఖండమునకు నడుమ భూమి సాగి, రెండు ప్రక్కల నిలువుగా పగిలి, నడిమిభాగము క్రిందికి క్రుంగగా ఏర్పడిన మహాగర్తము. క్రుంగిన ఆ నేలలో యుగములకొలది ఇసుక, ఒండు, వృక్షశేషములు పేరుకొని గోండ్వానా శిలలైనవి. ఆ వృక్షశేషములే సింగరేణి బొగ్గు. 1871లో భారత భూగర్భశాస్త్ర సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు వద్ద బొగ్గును కనుగొనుటయు, 1889లో అచ్చట తవ్వకము ప్రారంభమగుటయు, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడుటయు తెలుగువారెఱిగిన చరిత్రమే. కాని ఇల్లెందు బొగ్గును గుండాల వేడినీటిని ఒకే క్రుంగుడు నేల ప్రసాదించినదని ఎఱిగినవారు కొలదిమందియే.

వాననీరు ఈ లోయలోని ఇసుకరాళ్ల సూక్ష్మరంధ్రముల గుండ, పగుళ్ల గుండ ఏండ్ల తరబడి దిగుచు దిగుచు లోతున కాగి, తేలికయై, లోయ అంచులవెంట గల భ్రంశరేఖలను, అనగా నేల పగిలి జారిన చీలికలను, పట్టుకొని వడివడిగా పైకి వచ్చును. వడిగా వచ్చినచో దారిలో చల్లారదు. అందుచే ఇసుకను చేరువఱకు దాని వేడి నిలిచియుండును. ఈ భ్రంశములు పూర్తిగా నిద్రించుటలేదనుటకు 1969 ఏప్రిల్ 13వ తేదీన భద్రాచల ప్రాంతమున సంభవించిన భూకంపము సాక్ష్యము. దాని పరిమాణము సుమారు 5.7. దక్షిణ ద్వీపకల్పమున అటువంటివి తఱచు రావు. భూకంపమును గాంచి భయపడినవారు, ఊటను గాంచి మ్రొక్కినవారు, ఇరువురును ఒకే చీలికకు ఎదురుగా నిలిచిరి.

గుండాల ఒంటరి కాదు. గోదావరికి కుడిగట్టున, భద్రాచలమునకు ఎగువనున్న మణుగూరు బొగ్గుసీమలో, సింగరేణివారు బొగ్గు పొరలను వెదకుచు దింపిన బోరులలో వేడినీరు తనంత తాను పొంగుట మొదలిడినది. పగిడేరు గ్రామమున ఇట్టి నీటిని ఉపయోగించి 20 కిలోవాట్ల విద్యుత్తును పుట్టించు ప్రయోగశాలవంటి చిన్న కేంద్రమును సింగరేణి సంస్థ ఇటీవల నెలకొల్పినది. దీని పద్ధతి తెలిసికొనదగినది. పగిడేరు నీరు వేడిగానున్నను, టర్బైను త్రిప్పగల ఆవిరిగా మారునంత వేడి కాదు. కావున ఆ నీటి వేడిని, తక్కువ వేడికే మరగు వేఱొక కర్బన ద్రవమునకు అందింతురు. ఆ ద్రవము ఆవిరియై టర్బైనును త్రిప్పి, మరల చల్లబడి ద్రవమై, మూసిన గొట్టములలోనే తిరుగుచుండును. ఉత్పత్తి స్వల్పమే, మణుగూరు బొగ్గుతో నడుచు థర్మల్ కేంద్రముల ముందు ఇరువది కిలోవాట్లు లెక్కలోనివి కావు. అయినను బొగ్గును మండించి బ్రదుకు సంస్థ, మండించనక్కఱలేని వేడిని అదే నేలలో వెదకుట చరిత్రలో గుర్తుంచుకొనదగిన అడుగని ఈ వ్యాసకర్త తలంపు. ఈ ప్రయత్నము ఇంకను విస్తరించుట అవసరము.

విద్యుత్తునకే గాక స్నానమునకును ఉష్ణజలములను వాడుకొని, వానిని ఒక జాతి జీవనవిధానముగా మలచుకొన్న దేశము జపాను. అచ్చట చైతన్యముగలవిగా గణింపబడు అగ్నిపర్వతములు నూటపదునొకటి. వేడినీటి ఊటలు సుమారు ఇరువదియేడు వేలు. ఊటనుగాని, ఊటను ఆశ్రయించిన స్నానవాటికనుగాని ఓన్సెన్ అందురు. 1948లో చేసిన చట్టము ప్రకారము, భూమినుండి వెలువడునప్పుడు ఇరువదియైదు డిగ్రీలకు తగ్గని నీరుగాని, నిర్ణీత ఖనిజములలో ఒక్కటైనను నిర్దిష్టప్రమాణమున గల నీరుగాని ఓన్సెన్ అనిపించుకొనును. టోక్యోనుండి ఉదయము రైలులో బయలుదేరి సాయంకాలమునకు తిరిగివచ్చు యాత్రికులలో పలువురు హకోనే కొండసీమకు పోవుదురు. ఓవకుదాని యను లోయ అచ్చట కలదు. సుమారు మూడువేల యేండ్ల క్రిందట జరిగిన ఆవిరి విస్ఫోటనముచే అది ఏర్పడినది. తీగలపై వ్రేలాడు బండిలో దానిమీదుగా పోవువారికి తెల్లని ఆవిరి, పసుపువన్నె గంధకము, బూడిద వన్నె నేల క్రింద కానవచ్చును. ఆ ఊటలలో ఉడికించిన గ్రుడ్ల పెంకులు ఇనుము, గంధకముల కలయికచే నల్లబడును. ఒక్కటి తిన్నచో ఆయుర్దాయము ఏడేండ్లు పెరుగునని అచ్చటివారి నమ్మిక. 2015లో ఆ కొండ అలజడి చెందగా యాత్రికులను రానీయక కొంతకాలము మూసివేసిరి. అగ్నిపర్వతమును వినోదస్థలముగా మార్చుకొన్నను దాని కోపమును వారు మఱవలేదు.

స్నానమునకు వారు పాటించు నియమములు మన తీర్థస్నానపు ఆచారమునకు చేరువైనవి. తొట్టిలో దిగుటకు ముందే ప్రక్కన పీటపై కూర్చుండి ఒడలు శుభ్రముగా కడుగుకొనవలెను. సబ్బు నీటిలో కలియరాదు. తుండుగుడ్డను నీటిలో ముంచరాదు. పురుషులకు స్త్రీలకు వేఱువేఱు వాటికలు. వస్త్రము లేకుండ దిగవలెననుట మనవారికి సంకోచము కలిగించును. కాని నీటిని మలినపఱుపరాదను మూలసూత్రము మన కోనేళ్ల వద్ద పూర్వము పెద్దలు బోధించినదే, నేడు మనము నిర్లక్ష్యము చేయుచున్నదే. ఇబుసుకి సముద్రతీరమున నీటికి బదులు వేడి ఇసుకయే స్నానసాధనము: యుకాతా వస్త్రము ధరించి పరుండినవారిపై పరిచారకులు పారలతో ఇసుకను కప్పుదురు, పది నిమిషములలో చెమట ధారలు కట్టును. క్రింద ఊరు వేడినీరే ఆ ఇసుకను కాచుచున్నది.

అయితే గుండాలకు నిజమైన తోబుట్టువు హకోనేగాని ఇబుసుకిగాని కాదు; జపాను నడిమిదీవికి దక్షిణమున పొడుచుకొనియున్న కీ ద్వీపకల్పము. చైతన్యముగల అగ్నిపర్వతము అచ్చట ఒక్కటియు లేదు. ఆ కొండలలో కోటి సంవత్సరములకు పైబడిన అగ్నిశిలలు గలవు గాని, అవి ఎన్నడో చల్లారినవి. అయినను యునోమినె, కవయు మొదలైన గ్రామములలో మిక్కిలి వేడినీరు ఉబికివచ్చుచున్నది; లోతున జారుచున్న సముద్రపు భూఫలకమునుండి విడివడిన ద్రవములు చీలికలగుండ పైకి వచ్చుచున్నవని పరిశోధకులు తలంచుచున్నారు. కవయు గ్రామమున ఓతో యను చిన్న యేటి గర్భములో గులకరాళ్లను తొలగించినచో వేడినీరు ఊరును. వచ్చినవారు పారలు తెచ్చుకొని తమ గుంటలను తామే త్రవ్వుకొందురు. దానికి చన్నీటి యేటి నీరు కలుపుకొని వేడిని సరిచేసికొందురు. చలికాలమున ఏటికి అడ్డముగా రాళ్లు పేర్చి ప్రవాహమునే పెద్ద తొట్టిగా మార్చి, వేయిమంది స్నానము చేయు కొలనని దానిని పిలుతురు. అడవి, నది, చెలమ, చలికాలము, సర్వము గుండాలను తలపించును.

సామ్యము భౌతికమైనది మాత్రమే కాదు. యునోమినె సమీపమున కుమానో హోంగు యను పురాతన దేవాలయము కలదు. కొండదారుల వెంబడి అనేక దినములు నడచివచ్చిన యాత్రికులు ఆలయప్రవేశమునకు ముందు వేడినీటిలో మునిగి శుద్ధి పొందుట అచ్చటి విధి. యునోమినెలో ఒక బండనడుమనున్న చిన్న స్నానకూపమును ఆ యాత్రామార్గములతోపాటు 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వసంపదగా గుర్తించినది. ఒక దేవాలయము, దానిని చేరు అడవిదారి, నడుమ భూగర్భమిచ్చిన వేడినీరు, ఈ మూటిని విడదీయక ఒకే పుణ్యస్థలముగా ఎంచుట కీ వాసుల విజ్ఞత. భద్రాచలము, పర్ణశాల, గుండాల ఈ మూటికిని అట్టి ఏకత్వము సహజముగానే కలదు. లేనిది దానిని చూపి చెప్పువారు.

ఒక దినములో ఈ ప్రాంతమును చూడదలచినవారు ఖమ్మమునుండి వేకువజామున బయలుదేరవలెను. కొత్తగూడెము, పాల్వంచ, సారపాకల మీదుగా భద్రాచలము సుమారు నూటయిరువది కిలోమీటర్లు. రైలులో వచ్చువారికి భద్రాచలం రోడ్డు అను స్టేషను కొత్తగూడెముననే యుండును. అచ్చటినుండి నలుబది కిలోమీటర్లు బస్సు ప్రయాణము తప్పదు. 1965లో ప్రారంభమైన వంతెనమీద గోదావరిని దాటునప్పుడే నీటిమట్టము, ఇసుక బయటపడిన తీరు గమనించినచో ఆ నాడు గుండాలలో చెలమ దొరకునో లేదో చాలవఱకు తేటపడును. స్వామి దర్శనమైన పిదప ఎండ ముదురక మునుపే గుండాలకు పోవలెను. నీటిని చేతితో తాకి చూడక పిల్లలను గుంటలో దింపరాదు. ఇసుక లోతు తెలియని తావున నదిలోనికి నడువరాదు. మధ్యాహ్నమున పర్ణశాలకు పోవు దారిలో దుమ్ముగూడెము తగులును. గోదావరిని నాగపూరు దిక్కువఱకు పడవలు నడచు జలమార్గముగా చేయవలెనని పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయులు తలపెట్టి, 1871లో విడిచిపెట్టిన పథకపు ఆనకట్ట అచ్చటనే యున్నది. పర్ణశాలలో రంగురాళ్లను చూచువారు సీతమ్మ కథను వినుటతోపాటు, ఇనుప ఖనిజములు రాతికి పసుపు, ఎఱుపు వన్నెలనిచ్చు విధమును కూడ తెలిసికొన్నచో చూపు రెట్టింపగును. కథ ఏమాత్రమును తగ్గదు.

దారి చూపువారు ఎవ్వరు? నది పోకడలు, అడవి దారులు, ఇసుక మార్పులు పుట్టుకనుండి ఎఱిగినవారు తీరమునందలి జాలరులు, కోయ, కొండరెడ్ల కుటుంబములవారు. వారిలోని యువకులకు భూగర్భశాస్త్రమున స్వల్పశిక్షణ నిప్పించి, భ్రంశరేఖ, గోండ్వానా శిల, ఊటల మార్గము అను విషయములను తెలుగున, కోయభాషలో చెప్పగలవారిగా తీర్చుట కష్టమైన పని కాదు; పర్యటన వలన వచ్చు రాబడి మొదట వారికే చెందవలెను. స్త్రీలు బట్టలు మార్చుకొనుటకు గట్టున మఱుగు, త్రాగునీరు, ఊటల కారణమును తెల్పు ఒక ఫలకము, ఇంతకుమించి కట్టడమక్కఱలేదు. సిమెంటు తొట్లు కట్టి ఊటను బంధింపవలెనను ఆలోచన పనికిరానిది. ఏటేట వరద వచ్చి తిన్నెలను తిరుగవేయు నదిలో తొట్టి నిలువదు. నిలిచినను, చేతులతో చెలమ తోడి భూమి లోతునుండి వచ్చిన వేడిని మొదటిసారి అరచేత అనుభవించు ఆ క్షణమును అది హరించును.

తెలుగువారికి అందుబాటులోనున్న ఇతర ఉష్ణజలములను కూడ ఇచ్చట పేర్కొనుట ఉచితము. ఆదిలాబాదుకు ఆవల, పెన్‌గంగా తీరమున, మహారాష్ట్రలోని ఉనకేశ్వరమున గంధకపు వాసనగల ఊటలున్నవి. కిన్వట్టు ప్రాంతపు తెలుగువారు అచ్చటికి తఱచుగా పోవుదురు. ఒడిశాలోని బరంపురమునకు యాబది కిలోమీటర్ల దూరమున కొండల నడుమ తప్తపాణి కలదు. బరంపురపు తెలుగు కుటుంబములకు అది చిరపరిచితమైన విహారస్థలము. నల్లమల పాదమునందలి మహానంది కోనేటి నీరు వేడి కాదు గాని ఏడాది పొడవున గోరువెచ్చగా నుండును. నిజమైన అగ్నిపర్వతమునే చూడగోరువారు అండమాన్ దీవులవఱకు పోవలెను. పోర్టుబ్లెయిరులో ఎన్నో తరములుగా స్థిరపడిన తెలుగువారున్నారు. ఆ పట్టణమునకు నూటముప్పది కిలోమీటర్లకు మించిన దూరమున సముద్రమున లేచియున్న బారెన్ ద్వీపము భారతభూమిపై చైతన్యముగల ఏకైక అగ్నిపర్వతము. 1787లో దాని ఉద్గారమును నావికులు మొదట వ్రాసియుంచిరి. ఆ తరువాత చిరకాలము నిద్రించి 1991లో మరల మేల్కొని అప్పటినుండి పలుమార్లు పొగను, లావాను వెలువరించుచున్నది.